పెరిగే మొక్కకు కొలత

“...అంటే స్లాబు విరిగి నా నెత్తిన పడ్డాక చూద్దామంటావా అమ్మా?”

“నీ నెత్తికేం కాదులే. చిన్నప్పుడు మంచం మీంచి పడితే నేలకే సొట్ట పడింది.”

“నవ్వులాట కాదిది. నా గదిలోకొచ్చి పైకప్పు చూడు. చాపంత చెమ్మ దిగింది. అందరి ఇళ్ళకీ స్లాబులు పోసేవాణ్ణి, నా ఇంటి స్లాబే కారుతోందంటే నలుగురిలో ముఖం ఎక్కడ పెట్టుకోను?”

“కారడం లేదుగా. చెమ్మేగా.”

“చెమ్మంటే ఏమనుకున్నావు? కారబోయే ముందు వచ్చే కబురు!”

డాబా మెట్ల కింది గదిలో కుట్టు మిషను ఆగింది. వదులక్క కాలు పలక మీదే ఉంచి, సూది కిందున్న గుడ్డను వేలితో అదిమి పట్టుకుని, చెవి మాత్రం పైకి పంపింది. గొడవ కొత్తదేం కాదు. ఆ ఇంట్లో ఈ మధ్య ఏ గొడవ ఎక్కడ మొదలైనా తిరిగి తిరిగి డాబా మీద పిట్టగోడ వారగా ఉన్న మూడు నీలం డ్రమ్ముల దగ్గరికే చేరుతోంది. ఆ డ్రమ్ములు ఆమెవి. వాటిని దించెయ్యమంటున్నది బావగారు, ఆమె భర్తకి అన్న, తాపీ మేస్త్రీ. ఉంచమంటున్నది అత్తగారు. అత్తగారికి మొక్కలంటే ప్రాణమని కాదు. పెద్దకొడుకు ఒక మాటంటే తను రెండు అనకపోతే ఆవిడకి పొద్దు గడవదు.

వదులక్కను అసలు పేరుతో పిలవడం ఇంటివాళ్ళే మానేశారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం ఆమె పని. “పెరిగే పిల్ల కదా, కాస్త వదులుగా కుట్టక్కా” అని ప్రతి తల్లీ చెబుతుంది. చెప్పకపోయినా ఆమె అలాగే కుడుతుంది. గౌను అంచు లోపల రెండు మడతలు, నడుం దగ్గర ఒకటి, చేతుల దగ్గర ఎవరికీ కనబడని మరొకటి. బడులు తెరిచే ముందు ఆ గౌనే మళ్ళీ ఆమె దగ్గరికి వస్తుంది. ఒక మడత కుట్టు విప్పి, పాత గీత పోయేలా గట్టిగా ఇస్త్రీ చేసి పంపుతుంది. అలా ఆమె కుట్టిన గౌను అక్క ఒంటిమీంచి చెల్లెలి ఒంటిమీదికి దిగేదాకా పెరుగుతూనే ఉంటుంది. ఒంటికి అతికినట్టు కుడతారని మిగతా దర్జీలకు పేరు. వదులుగా కుడుతుందని ఈమెకు పేరు. చివరికి అదే ఆమె పేరైంది. దానికామె ఏమీ అనుకోదు. ఇవాళ్టి ఒళ్ళు కొలిచి ఎవరైనా కుడతారు, రేపటి ఒళ్ళు ఊహించి కుట్టడంలోనే ఉంది పనితనమంతా అని లోలోపల కాస్త గర్వం కూడా.

మొక్కల పిచ్చి ఆమెకు పంటి డాక్టరు దగ్గర పట్టుకుంది. పన్ను పీకించుకుని, బుగ్గన దూదితో, సగం మూతి మొద్దుబారి వరండాలో కూర్చుంటే, ఎదురుగా ఒక కుండీలో మోకాలెత్తు నిమ్మచెట్టు కనిపించింది. దానికి కాయలు. పచ్చివి కొన్ని, పండినవి కొన్ని. ముందు ప్లాస్టిక్కేమో అనుకుంది. ఎవరూ చూడకుండా ఒక ఆకును గోటితో గీరి వాసన చూసింది. నిమ్మే. లేచి కుండీ చుట్టూ తిరిగింది. వంగి అడుగున చూసింది. చెట్టంటే పైన కనబడేది ఎంతో మట్టిలో కనబడనిదీ అంతే ఉంటుందని ఆమె అనుకునేది. మరి ఈ చెట్టు ఆ కనబడనిదాన్ని ఇంత కుండీలో ఎలా మడిచి పెట్టుకుంది? చీటీలిచ్చే అమ్మాయి దగ్గరికెళ్ళి, వంకర మూతితోనే ఆ సంగతి అడిగింది. ఆ అమ్మాయి జాలిగా చూసి, “నొప్పిగా ఉందా ఆంటీ? కూర్చోండి, మాత్ర ఇస్తాను,” అంది.

నొప్పి రెండో రోజుకి తగ్గింది. ప్రశ్న తగ్గలేదు. ఆ వారంలోనే నర్సరీకి వెళ్ళి నిమ్మ, దానిమ్మ, సపోటా అంటు మొక్కలు మూడు తెచ్చింది. మొదలు వంకర తిరిగి ఎవరూ కొనని జామ మొక్క ఒకటి నర్సరీవాడు ఊరికే ఇచ్చి వదిలించుకున్నాడు. కుండీల దగ్గరికొచ్చేసరికి ఆమె అక్కడున్నవాటిని ఒక్కొక్కటే చూసి పెదవి విరిచింది. ఒక మొక్క ఉన్న కవరుకీ ఆ కుండీకీ తేడా రెండు మూడు వేళ్ళే. 

“ఇవి పెరగవా?” అని అడిగింది.

“పెరుగుతాయమ్మా. పెరిగాక ఇంకో కుండీలోకి మార్చుకోవాలి.”

“ఏటేటా మార్చే తిప్పలెందుకు? ఒకేసారి పెద్దది పెడితే పోలా?”

నర్సరీవాడు అప్పటికే ఎవరిదో బండిలో మట్టి బస్తాలు ఎత్తుతున్నాడు. “మీ ఇష్టం,” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆమె ఇష్టం మూడు సగం డ్రమ్ములుగా డాబా ఎక్కింది. అడుగున చిల్లులు పెట్టింది స్వయానా బావగారే. అప్పట్లో ఆయనకు వాటి మీద కోపం లేదు. ఇల్లంతా వరసగా మెట్ల మీద నిలబడి, తట్టలు చేతులు మార్చుకుంటూ మట్టి పైకి చేర్చారు. అంతా అయ్యాక డ్రమ్ము నడిమధ్యన జానెడు నిమ్మమొక్క తలవంచుకుని నిలబడింది. వదులక్క భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూశాడు.

“ఆఖరి ట్రిప్పులో ఒక్కడే కూర్చున్న ప్యాసింజరులా ఉందే,” అన్నాడు.

“నవ్వండి. రెండేళ్ళు పోనివ్వండి, నిలబడటానికి చోటుండదు,” అంది ఆమె.

నాలుగో డ్రమ్ము లేదు గనక వంకర జామ నల్ల కవరులోనే నీళ్ళ ట్యాంకు వెనక్కి చేరింది. దాని సంగతి అందరూ మరిచిపోయారు.

సపోటా చలికాలం దాటలేదు. ముందు ఆకుల కొసలు నల్లబడ్డాయి. దాహమనుకుని ఆమె ఇంకో చెంబు ఎక్కువ పోసింది. కొసల నుంచి నలుపు ఈనెల్లోకి దిగింది. ఇంకో చెంబు పోసింది. ఒకరోజు పట్టుకుంటే కొమ్మ చేతిలోకే వచ్చేసింది. మొక్క నాసిరకమై ఉంటుందని తనకి తాను చెప్పుకుంది. ఎండలు ముదిరేసరికి నిమ్మ కూడా ముఖం మాడ్చుకుంది. ఆకులు పసుపెక్కి, కొత్త చిగురన్నది లేక, నాటిన నాడెంతుందో అంతే ఉంది. యూనిఫారాలకని వచ్చిన తల్లులందరికీ చూపించి అడిగింది. ఎండ ఎక్కువైందని ఒకావిడ అంది. ఎండ చాలడం లేదని ఇంకొకావిడ అంది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెప్పారు.

పైన అరుపులు కాస్త తగ్గాక వదులక్క లేచి మెట్లెక్కింది.

“ఇదిగో, అమ్మాయే వచ్చింది,” అన్నాడు బావగారు. “నీతో నాకు తగువు లేదమ్మాయ్. డాబా మీద ఎండ ఉంది, నువ్వు చెట్లు పెంచుకుంటానన్నావు, సరేనన్నాను. కాని ఈ చెట్లేవీ, వీటి పెరుగుదలేదీ? ఒకటి పోయింది. ఇంకోటి పోయేలా ఉంది. నీళ్ళు మాత్రం రోజూ నా నెత్తిమీదే పోస్తున్నావు.”

“కాస్త టైమివ్వండి బావగారూ.”

“ఇస్తాను. వానలు పడేలోగా డాబా అంతా చెమ్మ దిగని మందు పూయాలి. అప్పటికి ఒక్క కాయ చూపించు. కాయ కూడా వద్దు, పిందె చాలు. డ్రమ్ము కదపకుండా చుట్టూతా పూసుకుంటాను, ఇంక నోరెత్తను. పిందె లేదంటే మాత్రం పైన ఒక్కటి కూడా ఉండదు. పెద్దదీ చిన్నదీ అని లేదు.”

కింద సందులో రెండు గోడల మధ్య మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. పైన ఉండదంటే ఇక ఎక్కడా ఉండదనే. అది అందరికీ తెలుసు.

“పిందె అంటే ఎంత ఉండాలి?” అని అడిగింది వదులక్క. కొలత తెలియకుండా ఏ పనీ ఒప్పుకునే అలవాటు లేదామెకి.

ఆయన బొటనవేలు ఎత్తి, మొదటి కణుపు దగ్గర రెండో చేత్తో పట్టుకుని చూపించాడు.

“నీ బొటనవేలా, నా బొటనవేలా?” అంది అత్తగారు.

“నాదే!”

“అయితే గుమ్మడికాయ అడుగుతున్నాడు, జాగ్రత్త,” అని కోడలి వైపు తిరిగి చెప్పింది ఆవిడ.

ఆ మాటకి వదులక్క నవ్వింది గాని, ఆనాటి నుంచి పొద్దున లేస్తూనే డాబా ఎక్కడం మొదలుపెట్టింది. నిమ్మ దగ్గర గొంతుకూర్చుని ఆకు తిప్పి చూడటం, మొదలు తడిమి చూడటం, దానిమ్మ కొమ్మల్లో మొగ్గ కోసం వెతకడం. ఒకనాడు మోటారు కట్టెయ్యడం మరిచిపోయి ట్యాంకు పొర్లితే, ఆపడానికి వెనక్కి వెళ్ళింది. అక్కడ నల్ల కవరులో జామమొక్క ఆమె నడుం దాకా ఉంది.

ఆమె నిలబడిపోయింది. ఇది ఆ మొక్కేనా? మొదలు వంకర చూసింది. అదే. ఆకులు తోలులా మందంగా, నూనె రాసినట్టు ఉన్నాయి. కొసన ఎర్రటి లేత చిగుళ్ళు. దీనికి ఎరువెవరు వేశారు? ఎవరూ వెయ్యలేదు. నీళ్ళెవరు పోశారు? ట్యాంకు పొర్లినప్పుడు పడ్డవే. సేవ చేసినవాటికి జబ్బు, ఆలనా పాలనా లేనిదానికి ఒళ్ళు. ఆమెకు కోపం రాలేదు. ఆశ్చర్యం వచ్చింది. పిల్లల్లో ఇలాంటివాళ్ళు ఉండటం ఆమె చూసింది. కాని పిల్లల సంగతి వేరు, వాళ్ళు పక్కింట్లోనైనా తింటారు. కవరు దాటి పోలేని మొక్క ఎక్కడ తినొచ్చింది?

బట్ట ముడుచుకుంటోందని ఎవరైనా తీసుకొస్తే వదులక్క పైవైపు చూడనే చూడదు. తిరగేసి, లోపలి కుట్టు చూస్తుంది. తప్పెప్పుడూ లోపలే ఉంటుంది. మొక్కను తిరగేసి చూడటం ఎలాగా అని రెండు రోజులు మిషను తొక్కుతూ ఆలోచించింది. మూడోనాడు గుడ్డ కొలిచే చెక్క స్కేలు పట్టుకుని డాబా ఎక్కింది.

తోటికోడలు అప్పుడే బట్టలు ఆరేస్తోంది. బావగారి భార్య ఆవిడ. ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది. రోజంతా అక్కడ దుప్పట్లు, ఇంటికొస్తే ఇక్కడ దుప్పట్లు.

“డ్రమ్ముకి గౌను కుడతావా ఏంటే?” అంది స్కేలు చూసి.

“లోపల ఎలా ఉందో చూద్దామని అక్కా.”

నిమ్మ డ్రమ్ములో ఒక వారగా స్కేలు గుచ్చింది. పై మట్టి గట్టిగా అడ్డం పడింది. అరచెయ్యి లోతు దాటాక మాత్రం వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. పైకి లాగి చూస్తే స్కేలు మీద కొంత మేర పొడి దుమ్ము, ఆ కిందంతా నల్లటి తడి. ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుగు రోజులు నానబెట్టి మరిచిపోయిన బట్టల బకెట్టు వాసన.

“నీళ్ళెప్పుడు పోశావు?” అంది తోటికోడలు, క్లిప్పు పళ్ళతో పట్టుకునే.

“మొన్నెప్పుడో. పైన పొడిగా ఉందని ఇవాళ పోద్దామనుకున్నా.”

ట్యాంకు వెనక్కి వెళ్ళి జామ కవరును రెండు చేతులతో ఎత్తింది. తేలిగ్గా వచ్చింది. మొన్న ట్యాంకు పొర్లినప్పుడు దాన్ని పక్కకి లాగబోతే కదల్లేదని ఆమెకి గుర్తుంది. మరి ఆ నీళ్ళేమైపోయాయి? కింద కారి ఉంటే మరక ఉండాలి. లేదు. తాగేసింది. రెండు రోజుల్లో ఈ కవరు తాగేసినన్ని నీళ్ళు అంత పెద్ద డ్రమ్ములో ఎందుకలాగే ఉన్నాయి? అంత మట్టిలో తాగేవాళ్ళెవరూ లేరా?

“అక్కా, ఒక చెయ్యి వెయ్యి. దీన్ని పక్కకి ఒరగెయ్యాలి.”

“చస్తుందేమోనే.”

“ఎలాగూ చస్తోంది. ఎందుకు చస్తోందో నాకు తెలియాలి.”

పాత దుప్పటి పరిచారు. ఇద్దరూ కలిసి డ్రమ్మును ఒరగదోశారు. మట్టి జారి దుప్పటి మీద గుట్ట పడింది. పైది పొడి, మధ్యది బురద, అడుగుది ముద్ద. డ్రమ్ము ఉన్నచోట గచ్చు మీద గుండ్రటి నల్ల మరక. చిల్లుల మీదే డ్రమ్ము బరువంతా కూర్చుని వాటి నోళ్ళు నొక్కేసింది. వదులక్క నిమ్మమొక్కను మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా ఊపింది. రావడానికి అదేమీ మొరాయించలేదు. వచ్చేసింది.

ఆమె దాన్ని ఎండలోకి ఎత్తి పట్టుకుంది. కింద వేళ్ళ ముద్ద నర్సరీ కవరు ఎలా ఉండేదో సరిగ్గా అలాగే ఉంది. అదే గుండ్రం, అదే పొడుగు. అచ్చులోంచి తీసినట్టు. ఇన్నాళ్ళలో ఒక్క వేరు కూడా ఆ గీత దాటి బయటికి రాలేదు. వచ్చే ప్రయత్నం చేసినవి కొన్ని గోధుమ రంగు దారాల్లా వేలాడుతున్నాయి. ఒకదాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి లాగితే పైపొర తొడుగులా ఊడి వచ్చింది. లోపల సన్నటి నరం మిగిలింది.

తర్వాత జామ కవరును బ్లేడుతో నిలువునా చీల్చింది. దాంట్లో మట్టి కనబడలేదు. తెల్లటి వేళ్ళు అల్లిక అల్లినట్టు కవరు గోడ వెంట చుట్టుకుని ఉన్నాయి. కాఫీ రంగు మట్టి వాటి సందుల్లోంచి కాస్త కాస్త తొంగి చూస్తోంది. వేలు పెడితే దిగలేదు.

“దీనికి బిగుతైపోయింది,” అంది తోటికోడలు.

“అవును. దీనికి ఇప్పుడు విప్పాలి మడత,” అంది వదులక్క. అని, నిమ్మ వైపు తిరిగింది.

గుడ్డలో ఆమె ఎక్కువగా వదిలినది మడతలో పడుకుంటుంది. అవసరం వచ్చి లేపేదాకా ఎవరి జోలికీ రాదు. మట్టి అలా కాదు. వేరు చేరని మట్టి ఖాళీగా ఉండదు, నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. తాగేవాళ్ళు లేని నీళ్ళు మురుగుతాయి. ఆ మురుగులోకి అడుగు పెట్టిన వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన చెట్టు ఆకు వాల్చితే పైనున్నావిడ దాహమనుకుని ఇంకో చెంబు పోస్తుంది. సపోటా కొసలు నల్లబడిన పొద్దు ఆమె కళ్ళముందు నిలిచింది. ఆమె చేతిలో ఏ పిల్లకీ గౌను పెద్దదై జబ్బు చెయ్యలేదు. అందుకే ఆ ఆలోచనే రాలేదు.

“కొలత తప్పిందక్కా. రేపటి కొలతకి ఇవాళే మట్టి పోశాను,” అంది.

“నీ చేతిలో కొలత తప్పడం! నేను చెప్పినా ఎవరూ నమ్మరు,” అంది తోటికోడలు. క్లిప్పు తీసి తన కొంగుకే పెట్టుకుంది. “కానీ. ఇప్పుడేం చేద్దాం చెప్పు. ఇది ఎండలో వాడిపోతోంది.”

గుడ్డ కత్తిరించే కత్తెర కాగితానికి కూడా తగలనివ్వని మనిషి వదులక్క. కిందికెళ్ళి వంటింట్లో ప్యాకెట్లు కత్తిరించే పాతది తెచ్చుకుంది. మెత్తబడిన వేళ్ళన్నీ కత్తిరించింది. మిగిలిన వేళ్ళ ముద్ద చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు మట్టి పట్టేలా ఒక చిన్న కుండీ వెతికింది. పగిలిపోయిన బాల్చీ దొరికింది. అడుగున చిల్లులు పెట్టి, కింద మూడు ఇటుక ముక్కలు ఎత్తు పెట్టి, దాంట్లో నాటింది. జామకి కూడా అదే లెక్క. ఉన్నదాని కన్నా రెండు వేళ్ళు, అంతే. వచ్చే ఏడాది మళ్ళీ రెండు వేళ్ళు.

పైన పొడి చూసి నీళ్ళు పోయడం మానేసి, పొద్దున్నే బాల్చీ ఎత్తి బరువు చూడటం నేర్చుకుంది. తేలిగ్గా ఉంటేనే నీళ్ళు. అత్తగారు ఒకసారి మెట్ల మీంచి చూసి, “చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఆ ఎత్తుకోవడమేంటే?” అంది. కొంతకాలానికి నిమ్మ మొదట్లో, ఆకులన్నీ రాలిపోయిన చోట, ఆవగింజంత పచ్చటి చుక్క లేచింది. వదులక్క ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాని మీద నీడ పడకుండా పక్కకి జరిగి కూర్చుని, మిషను మీద కుట్టవలసిన కాజాలు డాబా మీదికే తెచ్చుకుని చేత్తో కుట్టింది.

ఈ సందట్లోనే దానిమ్మ పూసింది.

డ్రమ్ముల్లో మిగిలింది అదొక్కటే. నిమ్మను చూశాక దాన్ని కూడా తీద్దామనే అనుకుంది ఆమె. అనుకున్న మర్నాడే ఎర్రటి మొగ్గ కనిపించింది. చెయ్యి ఆగిపోయింది. మొగ్గ పువ్వైంది. పువ్వు రాలకుండా నిలబడి, కింద ఉబ్బింది. పైన కిరీటం పెట్టుకున్న పిందె. ఒక్కటే ఒక్కటి.

బావగారు పని నుంచి రాగానే, చేతులకు సిమెంటు అలాగే ఉండగా పైకొచ్చి చూశాడు. పిందె పక్కన బొటనవేలు పెట్టాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఇంకా కొంచెం తక్కువే ఉంది.

“సరేలే. నా వేలు మామూలు వేలు కాదు,” అన్నాడు. “ఒప్పుకున్నాను. ఇది కదలదు ఇక్కణ్ణుంచి.”

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. మర్నాటికల్లా ఆయనతో పనిచేసేవాళ్ళందరికీ తెలిసిపోయింది, మేస్త్రీగారి డాబా మీద దానిమ్మ కాస్తోందని. ఒకాయన చూడటానికి కూడా వచ్చాడు. బావగారు ఆయన్ని మెట్ల మీంచి తనే తీసుకెళ్ళి, “మా తమ్ముడి భార్య పెంచింది. డ్రమ్ము చిల్లులు మాత్రం నావి,” అని చూపించాడు. చెమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు.

వదులక్క మాత్రం పిందెను చూసినంతసేపూ చూసి, తర్వాత కింది కొమ్మలు చూసేది. కింది ఆకులు పచ్చగానే రాలుతున్నాయి. పసుపెక్కకుండానే. పట్టుకుంటే చాలు, కాడతో సహా చేతిలోకి. స్కేలు గుచ్చి చూసింది. నీళ్ళు ఆపి ఎన్నాళ్ళైనా, ఎండలు అంత మండినా, అడుగు నుంచి అదే నలుపు, అదే వాసన. దానిమ్మ నిమ్మ కన్నా మొండిదై ఇన్నాళ్ళు తట్టుకుని ఉంటుంది. మరి కింద మునిగిపోతూ పైన కాయ కాయడమేంటి? తనకి తెలియదు. బాగున్న చెట్టు కాస్తుందని అనుకునేది. బాగులేని చెట్టు కూడా కాస్తుందా? తొందరపడి కాస్తుందా? అడగడానికి మనిషి లేడు. అడిగితే చెప్పగలిగేవి డ్రమ్ము లోపలున్న వేళ్ళే. వాటిని అడగాలంటే పైకి తియ్యాలి. తీస్తే పిందె నిలవదు.

గాలి తిరిగింది. సాయంత్రాలు పడమటి వైపు మబ్బు కడుతోంది. ఆ రోజు బావగారు మందు బకెట్లు రెండు తెచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. భోజనాల దగ్గర అందరూ ఉన్నారు. వదులక్క భర్తకి ఆ పూట డ్యూటీ లేదు.

“రేపు శుభ్రంగా ఊడిస్తే ఎల్లుండి పూసేస్తాను,” అన్నాడు బావగారు. “దానిమ్మ డ్రమ్ము చుట్టూ ముందు పూయాలి. దాన్ని కదపకుండా పూయడానికి చిన్న బ్రష్షు తెచ్చాను.”

“వినండి, చిన్న బ్రష్షు తెచ్చాడట,” అంది అత్తగారు. “నా గది గోడకి సున్నం వెయ్యమని ఎన్నాళ్ళుగా అడుగుతున్నానో. దానికి పెద్ద బ్రష్షు కూడా దొరకలేదు.”

వదులక్క నవ్వలేదు. “బావగారూ, ఆ డ్రమ్ములో కూడా అడుగున కుళ్ళు మొదలైంది. నిమ్మకి ఎలా ఉందో అలాగే. ఆకు రాలుతోంది,” అంది.

“పిందె బానే ఉందిగా. పొద్దున్న చూశాను.”

“పిందె బానే ఉంది. చెట్టే బాలేదు.”

“నీళ్ళు ఆపెయ్యి.”

“ఎప్పుడో ఆపేశాను. పోసినవే ఇంకా పోలేదు. ఇంక వాన పడిందంటే...”

“పైన పట్టా కప్పితే వాన పడదుగా,” అంది తోటికోడలు.

“కొత్త నీళ్ళు పడవక్కా. కుళ్ళడానికి లోపలున్నవే చాలు. ఎండలన్నీ అయిపోయినా ఆరలేదవి.”

భర్త కంచంలోంచి తలెత్తాడు. “ఆ ఒక్క కాయ పండేదాకా ఆగలేవా?”

“నేను ఆగుతాను. చెట్టు ఆగదు.”

బావగారు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. ఆయనకి విషయం అప్పుడు అర్థమైంది.

“చూడమ్మాయ్. పిందె ఉంది గనక ఒప్పుకున్నాను. రేపు అది లేదనుకో, ఇవి పైన ఉండాలంటే నేను మాట మార్చుకోవాలి. మార్చుకుంటే రేపు ఇంకోటి మార్చమంటారు. నా పని సంగతి నీకు తెలుసు. గోడ దగ్గర ఒక మాట, స్లాబు దగ్గర ఇంకో మాట చెబితే నా కింద ఎవడూ పని చెయ్యడు. జామ, నిమ్మ అన్నీ కలిపే అన్నాను ఆ రోజు. గుర్తుందా?”

“ఉందండీ. పెద్దదీ చిన్నదీ అని లేదన్నారు.”

“మరి?”

“ఏంట్రా మరి, మరి అని? మధ్యలో ఆ పిల్లని అన్నం తిననీ,” అంది అత్తగారు. ఆవిడ గొంతులో ఈసారి తగువు లేదు.

వదులక్క కంచం పక్కకి జరిపి, బావగారి వైపు తిరిగింది.

“రేపు పొద్దున్నే దానిమ్మను డ్రమ్ములోంచి తీసేస్తున్నాను బావగారూ. పిందె నేనే ముందు తుంచేస్తాను. మీరు మాట మార్చుకోనక్కర్లేదు.”